ఖాళీ టైంలో రాసిన సాఫ్ట్‌వేర్: వాడేవాళ్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

(నల్లగొండలో విద్యార్థులు, డీటీపీ ఆపరేటర్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినపడుతుందా? వినపడకపోతే ముందుకు రండమ్మా, రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలేం అడగను, భయపడకండి.

ఈ హాల్లో రెండు రకాలవాళ్లున్నారు. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లలు ఒకవైపు. నేను రాసిన ఫాంట్ కన్వర్టర్ వాడే ప్రెస్సులవాళ్లు, డీటీపీ అన్నలు, అక్కలు ఇంకోవైపు. ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టమని అడిగింది నేనే. పిల్లలకు చెప్పే మాటలు వాడేవాళ్ల ఎదురుగానే చెప్పాలి. చాటున చెబితే అది చాడీ అవుతుంది.

ఆ కన్వర్టర్ ఏందో తెలియనివాళ్లకు ఒక్క నిమిషంలో చెబుతాను. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ ఒక సొంత నంబర్ ఇచ్చే పద్ధతి, ఏ కంప్యూటర్లోనైనా ఒకటే. అది రాకముందు నుంచి మన ప్రెస్సుల్లో వాడే ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు, ముక్కలుగా ఉంటుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అందుకే ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి పిచ్చి గుర్తులు కనపడతాయి. నా ప్రోగ్రాం ఆ ముక్కల్ని ఏరి యూనికోడ్‌లోకి పేరుస్తుంది. వినడానికి తేలికే. కానీ ‘స్త్రీ’ అని రాయాలంటే పాత ఫాంట్లో ముందు సీ వస్తుంది, తర్వాత త ఒత్తు, ర ఒత్తు వస్తాయి. యూనికోడ్‌లో ఆ గుడిదీర్ఘం అన్నింటికన్నా చివర ఉండాలి. అంటే దాన్ని రెండు ఒత్తులు దాటించి వెనక్కి తీసుకుపోవాలి. ఎన్ని ఒత్తులు, ఏ వరుసలో టైపు చేశారు, ఆపరేటర్ చేతివాటం ఎట్లుంది, ఇవన్నీ కలిసి నా ఆదివారాలు తింటాయి. పగలు నాకు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఉంది. ఇది ఉద్యోగం కాదు. కోడంతా అందరికీ తెరిచి పెట్టాను, డబ్బు తీసుకోను. ఇదీ సంగతి.

ఇప్పుడు అసలు విషయం. ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి వాడేవాళ్లకు ఏం చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? నా లెక్కలో ‘ఎప్పుడు’ అనేదే పెద్ద ప్రశ్న. ఏం చెప్పాలన్నది నాలుగు లైన్ల పని.

ఆ నాలుగు లైన్లు ఎట్లుండాలో చెప్పడానికి ఒక పాత ఉత్తరం ఉంది. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో 21 ఏళ్ల కుర్రాడు ఇంటర్నెట్‌లో ఒక చర్చా గుంపుకు ఒక పోస్టు రాశాడు. పేరు లీనస్ టోర్వాల్డ్స్. పేరు వినగానే మీకు తెలిసిపోయింది, లినక్స్. ఇవాళ మీ చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచేది అదే. ఆ రోజు ఆయన ఏం రాశాడు? నేనొక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను, ఇది హాబీ మాత్రమే, పెద్దదేం కాదు, ప్రొఫెషనల్‌గా ఉండదు అన్నాడు. 386, 486 అనే అప్పటి రకం కంప్యూటర్ల కోసం అన్నాడు. వేరే కంప్యూటర్లకు మార్చడం కుదరదన్నాడు. ఫలానా రకం హార్డ్ డిస్కులు తప్ప వేరేవి బహుశా ఎప్పటికీ పనిచేయవన్నాడు. ఎందుకంటే, వినండి, ‘నా దగ్గర ఉన్నది అదొక్కటే’ అన్నాడు. చివర్లో సలహాలు ఇవ్వండి, కానీ చేస్తానని మాట ఇవ్వను అని ఒక నవ్వు గుర్తు పెట్టాడు.

చూశారా? ఇది హాబీ. ఇది వీటి మీద నడుస్తుంది. వీటి మీద నడవదు, కారణం ఇది. అడగండి, మాట మాత్రం ఇవ్వను. ఇంకేం కావాలి? ఆయన జోస్యం తప్పింది, అది వేరే సంగతి. పెద్దది కాదన్నది ప్రపంచమంత పెద్దదైంది. కానీ ఆ రోజు చదివినవాడెవడూ మోసపోలేదు కదా? అడగకముందే చెప్పాడు, ఒక్క ఫిర్యాదు రాకముందే చెప్పాడు. అది నాకు నచ్చింది.

మీలో ఒకరు ఇప్పుడు అడుగుతారు, నాకు తెలుసు. సార్, లైసెన్సులో, అంటే కోడ్‌తో పాటు ఇచ్చే వాడకం షరతుల్లో, ఉంటుంది కదా? ఉంటుంది. ఎంఐటీ లైసెన్సులో పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ గ్యారంటీ లేదు, నష్టానికి బాధ్యత లేదు అని. జీపీఎల్ అనే ఇంకో లైసెన్సులో కూడా ఉంటుంది, అది కూడా పెద్దక్షరాల్లోనే. కానీ ఈ హాల్లో ఎంతమంది చదివారు? చేతులెత్తండి. ఒక్కరు. ఆ ఒక్కరూ మా కాలేజీ పిల్లవాడే, పరీక్ష కోసం చదివాడు. లైసెన్సు కోర్టులో పనికొస్తుంది. రాత్రి పది దాటాక వచ్చే ఫోన్‌కు పనికిరాదు.

ఆ ఫోన్ ఎట్లుంటుందో చెబుతాను. “అన్నా, స్వాతి అనే పేరు తప్పొస్తుంది. పెండ్లిపిల్ల పేరే తప్పొస్తే ఎట్లన్నా? పొద్దుగాలకల్లా ప్రింటింగుకు పోవాలె.” ఇది మాఘంలో, శ్రావణంలో ఎక్కువ. మూఢంలో నా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బగ్ ఉండదు! నవ్వుతున్నారు గానీ, ఆ అన్న తప్పేముంది? ఆయనకు నా ప్రోగ్రాం ఎవరిచ్చారు? ఇంకో ప్రెస్సు ఆయన పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. లైసెన్సు ఫైలు ఇచ్చాడా? లేదు. ఇది హాబీ అని చెప్పాడా? లేదు. ‘మనోడే రాసిండు, మంచిగ నడుస్తది’ అని చెప్పాడు. ఆయన ఆశ అక్కడే ఖాయమైంది. మనం చెప్పకపోతే వాళ్లే ఒకటి అనుకుంటారు. వాళ్లు అనుకునేది డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే కంపెనీవాడి ఫోన్ నంబర్ దొరకదు, మన నంబర్ దొరుకుతుంది.

ఇది బయటి దేశాలవాళ్లకు లేని సమస్య. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇష్యూ, అంటే ఫిర్యాదు, రాస్తారు, మెయింటైనర్, అంటే ఆ ప్రోగ్రాం చూసుకునే మనిషి, తీరిక ఉంటే చూస్తాడు, లేకపోతే లేదు. మన నల్లగొండలో? క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే భుజం మీద చెయ్యి వేసి అడుగుతారు. మిర్యాలగూడలో బావమరిది చుట్టం ప్రెస్సు పెట్టుకున్నాడని చెప్పి అడుగుతారు. చుట్టరికం మీద అడిగితే కాదనడం కష్టం. అందుకే ముందే రాసి పెట్టుకోవడం మనకు ఇంకా ఎక్కువ అవసరం. ‘అన్నా, నీకని కాదు, అందరికీ అదే రాసి పెట్టిన’ అని చూపించొచ్చు. మనిషి మొహం మీద కాదనడం వేరు, రాసి ఉన్నది చూపించడం వేరు.

సరే, ఎక్కడ రాయాలి? రీడ్‌మీలో, అంటే కోడ్‌తో పాటు ఉండే పరిచయం ఫైల్లో, రాస్తాం అంటారు పిల్లలు. ఇంగ్లీషులో, రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్‌లో కోడ్ పెట్టే చోట. అక్కా, మీరెప్పుడైనా నా రిపాజిటరీ చూశారా? చూడలేదు. చూడరు కూడా, చూడాల్సిన పని లేదు. మనం రాసిన ప్రోగ్రాం జిప్ అయి వాట్సాప్‌లో తిరుగుతుంది, పెన్‌డ్రైవ్‌ల్లో తిరుగుతుంది. కాబట్టి మాట కూడా ప్రోగ్రాంతో పాటే తిరగాలి. తెరవగానే కనపడే కిటికీలో, తెలుగులో. నాది తెరిస్తే పైనే ఉంటుంది: ‘ఇది ఒక్కరు ఖాళీ టైంలో చూసుకునే ప్రోగ్రాం. ఫోన్‌లో సాయం లేదు. తప్పు కనపడితే ఆ ఫైలు ముక్క మెయిల్ చేయండి, సాధారణంగా ఆదివారం చూస్తాను. పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు ప్రింటుకు ముందు మీరే సరిచూసుకోవాలి.’ టైటిల్ బార్‌లో వెర్షన్, విడుదల తేదీ. అది ఎందుకంటే, మూడేళ్ల కిందటి కాపీ వాడుతూ నిన్న సరిచేసిన బగ్ గురించి అడిగేవాళ్లే ఎక్కువ.

మెయిల్ సంగతిలో ఒక జాగ్రత్త. తేదీ చెప్పలేకపోతే తేదీ చెప్పకండి. వచ్చే వెర్షన్‌లో చేస్తాను అని కూడా అనకండి. మీకు పరీక్షలొస్తాయి, ఉద్యోగమొస్తుంది, పెండ్లవుతుంది. మీరు మర్చిపోతారు. అవతలివాళ్లు మర్చిపోరు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మాటలతోనే కాదు, చేతలతో కూడా మనం హామీలిస్తాం. రాత్రి పన్నెండింటికి మెయిల్‌కు జవాబిచ్చారనుకోండి. సంతోషంగానే ఇచ్చారు, ఉత్సాహంలో ఇచ్చారు. అవతలి మనిషికి ఏం అర్థమైంది? రాత్రి పన్నెండింటికి కూడా ఉంటాడు అని. రేపు రెండు రోజులు ఆలస్యమైతే ‘ఏమైందన్నా, ముందు మంచిగ చూసేటోడివి’ అంటారు. కిటికీలో ఆదివారం అని రాసి, మంగళవారం రాత్రి జవాబిస్తే ఆ రాత కొట్టేసినట్టే. మీకు మంగళవారం సరదా పుట్టిందా, సరిచేయండి. పంపడం మాత్రం ఆదివారం పంపండి.

వెర్షన్ నంబర్ కూడా హామీయే. సున్నాతో మొదలయ్యే నంబర్ అంటే ఇంకా ఏదైనా మారొచ్చు అని ఒక పద్ధతి ఉంది. ఒకటి అని వేశారంటే కుదురుకుంది అన్నట్టు. నా కన్వర్టర్ ఇంకా సున్నా పాయింట్ మీదే ఉంది. ‘ఇన్నేళ్లయినా ఒకటి కాలేదా అన్నా’ అని ఎగతాళి చేస్తారు. చేయనీ. మంచి లోగో, ‘వేగవంతం, నమ్మకమైనది’ అని పెద్దక్షరాలు, ‘మేము’ అని బహువచనం, ఇవన్నీ కూడా అంతే. ఒక్కరే ఉంటే ‘నేను’ అని రాయండి. కాలేజీ ప్రాజెక్టుకు ‘మా టీం’ అని రాస్తారు, టీంలో మిగతా ముగ్గురూ వైవాకు కూడా రారు.

ఇప్పుడు ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు వస్తాను. దీనికి చెప్పాల్సిన కథ ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్, దాదాపు ప్రతి లినక్స్ కంప్యూటర్లో ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది లాసె కొలిన్ అనే ఒకే ఒక్క మనిషి, ఫిన్లాండ్ ఆయనే. జీతం లేదు. 2022లో మెయిలింగ్ లిస్టులో కొందరు తగులుకున్నారు. అప్‌డేట్లు రావడం లేదు, ఇంకొకరికి అప్పగించు, నీకు ఆసక్తి పోయింది అని ఒత్తిడి. ఆయన జవాబిచ్చాడు. మానసిక ఆరోగ్యం బాగుండటం లేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని గుర్తుపెట్టుకోమని. మర్యాదగానే చెప్పాడు. ఎవరు విన్నారు? ఆ ఒత్తిడి తెచ్చిన పేర్లు చాలావరకు దొంగ పేర్లని తర్వాత అందరూ అనుమానించారు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు బుద్ధిగా సాయం చేస్తూ వచ్చారు. మెల్లగా ఆ పేరుకు అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు, సర్వర్లలోకి దూరే దారి. బయటపడింది ఎట్లనో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పనేదో చేసుకుంటుంటే, సర్వర్‌లోకి లాగిన్ కావడం అరసెకను ఆలస్యమవుతోంది. అరసెకను! మనమైతే నెట్ స్లో అనుకుని వదిలేసేవాళ్లం. ఆయన వదల్లేదు, తవ్వాడు, మార్చి 29న లోకానికి చెప్పాడు.

ఇందులో లాసె కొలిన్ తప్పు ఉందని నేననను. అంత పకడ్బందీగా ఏళ్ల తరబడి వేసిన ఎత్తుకు ఎవరైనా పడిపోతారు. నేను చూసేది వేరే. ‘ఇది హాబీ’ అన్న అదే మాట టోర్వాల్డ్స్ మొదటి రోజున చెప్పాడు. ఈయన అలసిపోయిన రోజున చెప్పాల్సి వచ్చింది. అలసిపోయాక చెబితే సాకులాగా వినపడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లకు మెత్తగా కనపడతాం. అందుకని ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి. ఎవరికైనా అప్పగించాల్సి వస్తే ఏం చూసి అప్పగిస్తారో కూడా అప్పుడే రాసుకోండి. తొందర పెట్టేవాళ్లు ఎక్కువైనకొద్దీ మీరు నిదానించాలి.

పెద్ద కంపెనీల సంగతి వేరే రకం. ఇంటర్నెట్‌లో డేటా తెచ్చే, పంపే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మొదలుపెట్టింది స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బెర్గ్. ఫోన్లలో, టీవీల్లో, కార్లలో ఉంటుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే, జావా భాషలో రాసిన లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది కదా, ఆ తర్వాత నెల ఆయనకు ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ ఉత్పత్తిలో లాగ్‌ఫోర్‌జే ఉందా, ఉంటే ఏ వెర్షన్, 24 గంటల్లో జవాబివ్వండి అని. కర్ల్ రాసింది సీ భాషలో, జావాతో సంబంధమే లేదు. వాళ్లతో ఈయనకు ఒప్పందమూ లేదు. ఈయన ఏమన్నాడు? సపోర్ట్ కాంట్రాక్టు కుదుర్చుకుంటే సంతోషంగా జవాబిస్తాను అన్నాడు. తిట్టలేదు, బతిమాలలేదు. ధర ఎక్కడ మొదలవుతుందో చూపించాడు, అంతే.

ఎస్‌క్యూలైట్ ఇంకో దారి. మీ ఫోన్లో ఉండే డేటాబేస్ అది. కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, కానీ బయటివాళ్ల కోడ్ తీసుకోము అని వాళ్లు సూటిగా రాసి పెట్టారు. దాంతో పాటు 2050 వరకు చూసుకుంటామని కూడా రాశారు. వాళ్లకు కంపెనీలు డబ్బిస్తాయి, పనిచేసేవాళ్లున్నారు, అందుకని అంత మాట ఇవ్వగలరు. నేను ఇవ్వలేను. మీరూ ఇవ్వకండి. నాకు నారాయణపేట నుంచి ఒకాయన రాశాడు, కన్నడ ఫాంట్లు కూడా కలపమని. సరిహద్దు కదా, వాళ్లకు నిజంగానే అవసరం. నాకు కన్నడ రాదు. రాదు కాబట్టి చేయలేను, కోడ్ ఇక్కడుంది, చేసుకునేవాళ్లుంటే తీసుకోవచ్చు అని రాశాను. రెండు లైన్లు. ఆయనేం నొచ్చుకోలేదు, థాంక్స్ అన్నాడు. నాన్చితేనే నొచ్చుకుంటారు.

మరి ఉచితంగా ఇచ్చాం కాబట్టి మనకే బాధ్యతా లేదా? ఇక్కడ కొందరు మిత్రులతో నాకు పేచీ. ‘ఇష్టముంటే వాడు, లేకపోతే పో’ అంటారు. నేనొప్పుకోను. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. నీళ్లు చల్లగా లేవని, సాయంత్రం ఆరింటికే కుండలెత్తేశారని ఎవరూ కొట్లాడరు, కొట్లాడకూడదు. కానీ తాగకూడని నీళ్లు పోస్తే? ఊరుకుంటామా? ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా మనది, నీళ్ల సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ నీళ్లేంటంటే, వాడేవాళ్ల ఫైలు పాడుచేయకూడదు. నా ప్రోగ్రాం అసలు ఫైలును ముట్టుకోదు, పక్కన కొత్త ఫైలు చేస్తుంది. చెప్పకుండా వాళ్ల ఫైళ్లు ఎక్కడికీ పంపకూడదు. చేయలేనిది చేస్తానని చెప్పకూడదు. మొన్న ఒక విద్యార్థి వచ్చాడు, బరువు కొడితే పిల్లలకు మందు మోతాదు చెప్పే యాప్ చేశానని, అందరికీ ఇస్తానని. తమ్ముడూ, అందులో తప్పొస్తే ఎవరు చూస్తారు అన్నాను. ‘ఇది చదువు కోసం మాత్రమే, దీన్ని చూసి మందు వేయకండి’ అని మొదటి తెరమీద రాస్తావా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. అది రాయడానికి ఇష్టం లేకపోతే విడుదల చేయడం ఆపు అన్నాను.

వాడేవాళ్లకు రెండు మాటలే. అర్జెంట్ అని రాయకండి, తప్పొచ్చిన వాక్యం పంపండి, ఏ ఫాంటో చెప్పండి. ఫొటో తీసి పంపితే నేనేం చేయలేను, నాకు ఆ అక్షరాల ముక్కలు కావాలి.

ఆపేయడం గురించి చెప్పి ముగిస్తాను. ఆపేయొచ్చా? ఆపేయొచ్చు. కానీ చెప్పి ఆపండి. రిపాజిటరీని ఆర్కైవ్ చేసే బటన్ ఉంటుంది, నొక్కితే అది చదవడానికి మాత్రమే మిగులుతుంది, పైన పట్టీ కనపడుతుంది. చాలామంది నొక్కరు, మళ్లీ మొదలుపెడతామేమో అని. ఏడాది నుంచి ముట్టుకోని ప్రాజెక్టు దగ్గర జనం ఇష్యూలు రాస్తూనే ఉంటారు, ఎవరో ఉన్నారనుకుని. నొక్కండి. మళ్లీ బుద్ధి పుడితే ఆ తాళం మీరే తీసుకోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

డబ్బిస్తే ముందు చూస్తారా అంటున్నారు ఆ అన్న. తీసుకోనన్నా. ఐదొందలు ఇచ్చినవాళ్లకు ఐదొందల పని ఎంతో తెలియదు, తీసుకున్న నాకూ తెలియదు. ఈ పని డబ్బుకు చేసేవాళ్లు కావాలంటే, కోడ్ తెరిచే ఉంది, ఇక్కడ కూర్చున్న ఈ పిల్లల్లో ఎవరైనా నేర్చుకుని చేసి పెట్టొచ్చు. ఎంతకు, ఎన్ని రోజుల్లో అని కాగితం మీద రాసుకోండి. నాకేం అభ్యంతరం లేదు, లైసెన్సు ఒప్పుకుంటుంది.

ఇంకొకరు? మీరు ఆపేస్తే మా గతేంది అంటున్నారు అక్క. మంచి ప్రశ్న. ఇప్పుడున్న కాపీ మీ దగ్గరే ఉంటుంది, నేను ఆపినంత మాత్రాన అది నడవడం మానేయదు. విండోస్ మారినప్పుడు చిక్కు రావొచ్చు. అందుకని కాపీ దాచుకోవడం కన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. మీ హార్డ్ డిస్కుల్లో పదిహేను, ఇరవై ఏళ్ల పాత ఫైళ్లుంటాయి కదా, గ్రామ చరిత్రలు, ఆలయాల కరపత్రాలు, కవుల పుస్తకాలు. గిరాకీ లేని నెలలో కూర్చుని వాటిని ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. మార్చాక ఒకసారి చదవండి, తప్పులుంటే ఆ వాక్యాలన్నీ ఒకే మెయిల్‌లో పంపండి. ఒక్కొక్కటి ఒక్కో మెయిల్ వద్దు.